బాలాజీ పంచరత్నమాల: అయిదు రికార్డుల కథ

‘నానాటి బతుకు’ పాట వయసెంత? గుడిలో ఎవరిని అడిగినా అయిదు వందల ఏళ్లు అంటారు. అది సగం నిజం. పాటలోని మాటలకు అంత వయసు ఉంది. ఆ మాటలను మనం పాడుకునే వరుసకు మాత్రం లేదు. అది మైకులూ రేడియోలూ వచ్చాక, ఇరవయ్యో శతాబ్దంలో కట్టిన వరుస. కట్టినవారి పేరు కూడా మనకు తెలుసు: నేదునూరి కృష్ణమూర్తి గారు. దాన్ని ఇంటింటికీ చేర్చిన గొంతు ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారిది.

వరుస అంటే ఇక్కడ జనం నిలబడే వరుస కాదు, పాట నడిచే తీరు. బాణీ అని కూడా అంటారు. రెండు మాటలూ రాసుకోండి, ఈ వ్యాసంలో చాలాసార్లు వస్తాయి.

ఈ సంగతి చెబితే కొందరికి మనసు నొచ్చుకుంటుంది. “అయితే ఇది అన్నమయ్య పాట కాదా బాబూ?” అని ఒక పెద్దావిడ నన్ను అడిగారు. అన్నమయ్య పాటేనమ్మా, పల్లకీ ఆయనది, మోసినవాళ్లు మన కాలం వాళ్లు అన్నాను. ఆవిడ నవ్వారు కానీ ఒప్పుకున్నట్టు లేదు. అప్పటి నుంచి దీని గురించి వివరంగా రాయాలని అనుకుంటున్నాను. భక్తి వేరు, చరిత్ర వేరు. రెండూ ఒకే ఇంట్లో ఉండవచ్చు.

నేను రాయబోయేది ‘బాలాజీ పంచరత్నమాల’ అనే రికార్డుల గురించి. పంచ అంటే అయిదు. అయిదు లాంగ్‌ప్లే రికార్డులు. 1979, 80 ప్రాంతంలో తిరుమల తిరుపతి దేవస్థానం కోరగా ఎమ్మెస్ పాడారు. ఆమెతో కలిసి రాధా విశ్వనాథన్ గొంతు కలిపారు. వాటిలో సంస్కృత స్తోత్రాలున్నాయి, హనుమాన్ చాలీసా ఉంది, అన్నమయ్య తెలుగు సంకీర్తనలు ఉన్నాయి. 1963లో ఎమ్మెస్ పాడిన వేంకటేశ్వర సుప్రభాతం అందరికీ తెలుసు. దాన్ని వినని తెలుగువాళ్లు ఉండరేమో. కానీ సుప్రభాతం సంస్కృతం. తెలుగు నేర్చుకునే మనకు పనికొచ్చేది ఈ రెండో పని. పేరు తక్కువమందికి గుర్తుంటుంది, పాటలు మాత్రం అందరి నోటా ఉంటాయి.

ముందు మాటల కథ చెబుతాను.

తాళ్లపాక అన్నమాచార్యులు 1408లో పుట్టి 1503లో పోయారని చెబుతారు. ఊరు తాళ్లపాక, కడప వైపు, రాజంపేట దగ్గర. ఆయన 32,000 సంకీర్తనలు రాశారని మనవడు చిన్నన్న రాసిన చరిత్రలో ఉంది. మనకు దొరికినవి అందులో సగం కూడా కావు. అయినా 12,000 పైనే. కొడుకు పెద తిరుమలాచార్యుల కాలంలో వాటిని రాగిరేకుల మీద చెక్కించారు. రేకు ఎంత అందమైన మాటో చూడండి. పువ్వుకీ రేకే, ఇంటి పైకప్పుకీ రేకే. పల్చగా ఉన్నదేదైనా రేకు అయిపోతుంది.

ఆ రాగిరేకులను తిరుమల గుడిలోనే ఒక చిన్న గదిలో దాచారు. సంకీర్తన భాండాగారం అని దాని పేరు. తర్వాత వందల ఏళ్లు వాటిని పట్టించుకున్నవాళ్లు లేరు. రోజూ వేలమంది ఆ గుడిలో నడిచారు, గోడ అవతల వేల పాటలు పడి ఉన్నాయి. 1920లలో గానీ వాటి మీద పండితుల చూపు పడలేదు. సాధు సుబ్రహ్మణ్య శాస్త్రి గారు, తర్వాత వేటూరి ప్రభాకర శాస్త్రి గారు, రాళ్లపల్లి అనంతకృష్ణ శర్మ గారు కూర్చుని రేకులు చదివారు, కాగితం మీదికి ఎక్కించారు, అచ్చు వేయించారు. పాత తెలుగు, పాత అక్షరాలు, లోహం మీద గీతలు. మనం ఒక పేజీ చదవడానికి ఆయాసపడతాం కదా, వాళ్ల ఓపికను ఊహించుకోండి.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. రేకుల మీద ప్రతి పాటకూ రాగం పేరు ఉంది. స్వరాలు లేవు. అంటే వంటల పుస్తకంలో కూర పేరు రాసి, ఎలా చేయాలో రాయనట్టు. అన్నమయ్య దాన్ని ఎలా పాడారో చెప్పే మనిషి లేడు. గురువు నుంచి శిష్యుడికి పాట అందే దారి మధ్యలో తెగిపోయింది. త్యాగరాజ స్వామి పాటలకు శిష్యుల వరుస ఉంది, అందుకే అవి గొంతు నుంచి గొంతుకు వచ్చాయి. అన్నమయ్య పాటలు లోహం మీద బతికాయి, గొంతులో బతకలేదు.

అందుకని మన కాలం సంగీతకారులు మళ్లీ వరుసలు కట్టారు. రాళ్లపల్లి వారు మొదలుపెట్టారు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు చాలా పాటలకు బాణీలు చేశారు. విజయవాడ రేడియోలో పొద్దున్నే వచ్చే భక్తిరంజని కార్యక్రమం ఇలాంటి పాటలను ఇళ్లలోకి తెచ్చింది. నేదునూరి వారు కట్టారు. తమిళనాడు నుంచి కడయనల్లూర్ వెంకటరామన్ గారు కట్టారు. 1978లో దేవస్థానం అన్నమాచార్య ప్రాజెక్టు పెట్టింది, గరిమెళ్ల బాలకృష్ణ ప్రసాద్ గారి వంటివారు అందులో చేరి జీవితమంతా ఇదే పని చేశారు. వాళ్లు రేకు మీద రాగం పేరు ఉన్నా కొన్నిసార్లు వేరే రాగం ఎంచుకున్నారు. అది తప్పా ఒప్పా అని సంగీతం తెలిసినవాళ్లు ఇప్పటికీ వాదించుకుంటారు. నా మటుకు నాకు, పాడకుండా పెట్టెలో ఉంచడం కంటే ఇది వెయ్యి రెట్లు మేలు.

ఇప్పుడు ఎమ్మెస్ సంగతి. ఆమె 1916లో మదురైలో పుట్టారు. తల్లి షణ్ముఖవడివు వీణ వాయించేవారు. సినిమాల్లో మీరాగా నటించారు. 1966లో ఐక్యరాజ్య సమితిలో పాడారు. దేశమంతా ఆమెను నెత్తిన పెట్టుకుంది. కానీ 1970ల చివరికి ఆ ఇంట్లో డబ్బు ఇబ్బంది వచ్చింది. భర్త సదాశివం గారు నడిపిన కల్కి పత్రిక నష్టాల్లో పడింది. మద్రాసులో కల్కి గార్డెన్స్ అనే పెద్ద ఇల్లు అమ్మేశారు. అద్దె ఇంటికి మారారు. అంతకు ముందు ఆమె పాడి సంపాదించింది ఎంతో దానధర్మాలకు ఇచ్చేశారు. ఎన్నో ఆసుపత్రులకు, బడులకు ఆమె కచేరీల డబ్బు వెళ్లింది. తమ కోసం ఒకరిని అడిగే అలవాటు ఆ ఇంట్లో లేదు.

అప్పుడు దేవస్థానం కార్యనిర్వహణాధికారి పి.వి.ఆర్.కె. ప్రసాద్ గారు. 1978 నుంచి 1982 దాకా ఆ పదవిలో ఉన్నారు. తన అనుభవాలను ‘నాహం కర్తా, హరిః కర్తా’ అనే పుస్తకంలో రాశారు. నేను చేసేవాణ్ణి కాను, చేసేది హరి అని ఆ పేరుకు అర్థం. అందులో ఈ రికార్డుల కథ కూడా ఉంది. సాయం అని ఇస్తే వాళ్లు తీసుకోరు. కాబట్టి పని ఇవ్వాలి. దేవస్థానం కోసం పాడమని అడగాలి. పాడినందుకు రావలసింది గౌరవంగా ఇవ్వాలి. అలా పుట్టినవి ఈ అయిదు రికార్డులు.

నాకు ఈ కథలో నచ్చేది ఆ పద్ధతి. గుడిలో సేవ చేసేవాళ్లకు ఈ లెక్క బాగా తెలుసు. ఒకరికి అన్నం పెట్టాలంటే ప్రసాదం అని పెట్టాలి. చేయి చాచనివ్వకూడదు. దేవస్థానం అదే చేసింది, కాకపోతే చాలా పెద్ద ఎత్తున. ఆ ఒక్క ఇంటి కోసం వేసిన ఆలోచన వల్ల అన్నమయ్య పాట తెలుగు రాని ఇళ్లలోకి కూడా వెళ్లింది.

పాడేనాటికి ఆమెకు అరవై దాటాయి. ఇది గమనించి వినండి. అరవై దాటిన గొంతుకు పరుగులు అక్కర్లేదు, ఎవరినీ గెలవాల్సిన పని లేదు. ‘నానాటి బతుకు’ ఎలా మొదలవుతుందో చూడండి. తంబురా శ్రుతి, దాని మీద నెమ్మదిగా మాట. రాగం రేవతి. అందులో ఉన్నవి అయిదే స్వరాలు. వేదం చదివే ధోరణికి దగ్గరగా ఉంటుంది ఆ రాగం. పెద్ద పెద్ద సంగతులు వేయడానికి అక్కడ చోటు ఉన్నా ఆమె వేయరు. మాట పూర్తయ్యే దాకా ఆగుతారు. అర్థం వినేవాడికి చేరాక ముందుకు కదులుతారు.

పాటలో చెప్పింది చిన్న విషయం కాదు. బతుకు ఒక నాటకం, పుట్టడమూ పోవడమూ నిజం, మధ్యలో ఉన్నది ఆట. ఇంత బరువైన మాట చెప్పడానికి అన్నమయ్య వాడిన వస్తువులు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది: తినే అన్నం, చుట్టుకునే కోక. కోక అంటే ఇప్పుడు చీర అనుకుంటాం. ఆ పాటలో ఒంటికి చుట్టుకునే బట్ట అని అర్థం చెప్పుకోవచ్చు. వంటింటి మాటలతో వేదాంతం. అందుకే గొంతు పెంచితే ఆ పాట పాడైపోతుంది. ఇంట్లో మాట్లాడుకునే మాటను వేదిక మీద అరిచినట్టు ఉంటుంది.

ఈ నెమ్మదికి ఇంకో కారణం ఆ నల్లటి పళ్లెమే. పాత రికార్డు ఒక వైపు మూడు నిమిషాలకు మించి పట్టేది కాదు. మైకు లేని రోజుల్లో అయితే పాడేవాళ్లు పెద్ద గొట్టం ముందు నిలబడి గట్టిగా పాడాల్సి వచ్చేది. 1925 ప్రాంతంలో మైకుతో రికార్డు చేయడం వచ్చింది, గొంతు తగ్గించే స్వేచ్ఛ వచ్చింది. 1948లో అమెరికాలో లాంగ్‌ప్లే వచ్చింది, ఒక వైపు ఇరవై నిమిషాల పైన. అంటే తొందర తగ్గింది. ఎల్లా ఫిట్జెరాల్డ్ అనే జాజ్ గాయని 1956లో కోల్ పోర్టర్ అనే ఒక్క రచయిత పాటలతో ఒక ఆల్బమ్ పాడింది. తర్వాత ఇంకా కొందరు రచయితల పాటలతో అలాంటివే చేసింది. ఆమె పుట్టింది 1917లో, ఎమ్మెస్ కంటే ఒక్క ఏడాది చిన్న. నేను ఇంగ్లీషు మీడియంలో చదివినవాణ్ణి కాబట్టి నాకు ఎల్లా ముందు తెలుసు, అన్నమయ్య తర్వాత తెలుసు. రెండు రికార్డులూ పక్కపక్కన వింటే సంగీతంలో పోలిక ఏమీ లేదు. పద్ధతిలో ఉంది. గాయని తన గొప్ప చూపించదు. రాసినవాడి మాటను ముందు నిలబెట్టి తాను ఒక అడుగు వెనక్కి నిలబడుతుంది.

ఇప్పుడు మనకు బాగా దగ్గరి విషయం. ఎమ్మెస్‌కు తెలుగు అమ్మభాష కాదు. ఆమెది తమిళం. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ అన్నిటికీ ఒకే అక్షరం. త, థ, ద, ధ కూడా అంతే. తమిళనాడులో తెలుగు కీర్తనల పుస్తకాలు అచ్చువేసేటప్పుడు ఆ అక్షరం పక్కన చిన్న అంకెలు వేస్తారు, 2, 3, 4 అని, ఏ శబ్దమో తెలియడానికి. అలాంటి లిపిలో పెరిగిన మనిషి ‘భ’ను ‘బ’ కాకుండా, ‘ధ’ను ‘ద’ కాకుండా పలకాలంటే చెవి పెట్టి నేర్చుకోవాలి. మనలాగే. ఎమ్మెస్ ఈ విషయంలో చాలా పట్టుదల మనిషి. సుప్రభాతం రికార్డు చేయడానికి ముందు సంస్కృత పండితుల దగ్గర ఉచ్చారణ సరిచూసుకున్నారు. తెలుగు సంకీర్తనలకూ అదే శ్రద్ధ. ‘చేరి యశోదకు’ వినండి. అందులో ‘శ’ ఎంత మెత్తగా ఉందో, ‘స’ కంటే ఎంత వేరుగా ఉందో వినండి. నిజం చెప్పాలంటే, తెలుగు ఇళ్లలో పుట్టినవాళ్లు ఈ రోజుల్లో చాలామంది ఆ తేడా చూపించరు.

మన పిల్లలను “నువ్వు తెలుగు సరిగ్గా పలకవు, ఎందుకంటే నువ్వు ఇక్కడ పుట్టావు” అనేవాళ్లు ఉన్నారు. నాకు ఆ మాట వింటే కోపం వస్తుంది. తెలుగు పాటను ఇంటింటికీ తీసుకెళ్లిన గొంతుల్లో ఒకటి తెలుగింట్లో పుట్టలేదు. నేర్చుకుంది.

ఇక్కడ రాస్ అల్ ఖైమాలో ఈ పాటలు ఎలా వింటున్నామో కూడా చెప్పాలి. గల్ఫ్‌కు వచ్చిన మనవాళ్లు రికార్డులు తెచ్చుకోలేదు, క్యాసెట్లు తెచ్చుకున్నారు. సూట్‌కేసులో ఆవకాయ సీసా ఒక వైపు, క్యాసెట్లు ఒక వైపు. రికార్డు అయిదు ముక్కలుగా ఉంటే, క్యాసెట్‌లో పాటల క్రమం మారింది. తర్వాత సీడీ వచ్చింది, మళ్లీ మారింది. ఇప్పుడు ఫోనులో ఒక పాట ఎమ్మెస్‌ది, తర్వాతి పాట ఎవరిదో, మధ్యలో ప్రకటన. అయిదు రికార్డులు ఒక మాల అన్న సంగతే పోయింది. మాల అంటే దండ కదా. దారం తెగి పూలు మిగిలాయి.

గుడికి వెళ్లాలంటే ఇక్కడి నుంచి దుబాయ్ దాకా, లేదా అబూధాబీ దాకా కారులో వెళ్తాం. 2024లో తెరిచిన అబూధాబీ మందిరానికి ఏడు శిఖరాలు ఉన్నాయి, అందులో ఒకటి వేంకటేశ్వరుడిది. దారి పొడుగునా ఎడారి, కుడి ఎడమల లారీలు. ఆ దారిలో ఒక రికార్డు మొత్తం క్రమంలో వినవచ్చు. నేను అలాగే వింటాను. కారులో పిల్లలు ఉంటే మొదటి పది నిమిషాలు గొడవ చేస్తారు, బీట్ లేదంటారు. వాళ్లకు అన్నమయ్య అంటే 1997 సినిమా, కీరవాణి సంగీతం, నాగార్జున. ఆ సినిమాను నేను తక్కువ చేయను. పాటలు కోట్లమందికి చేరాయి, గుడికి వచ్చే పిల్లలకు అన్నమయ్య పేరు తెలిసింది అంటే సగం పుణ్యం దానిదే. కానీ సినిమా పాటకు ఎదురుగా జనం ఉంటారు. ఎమ్మెస్ పాటకు ఎదురుగా దేవుడొక్కడే ఉన్నట్టు ఉంటుంది, మనం పక్కన నిలబడి వింటున్నట్టు.

ఈ మధ్య భక్తి పాటల పేరుతో వచ్చేవాటిలో డ్రమ్ములు, కీబోర్డు, ప్రతిధ్వని ఎక్కువ. గుడిలో ఏ పాట పెట్టాలి అని మాలో మాకు చర్చ వస్తుంది. జనం ఎక్కువగా ఉన్న రోజు గట్టి పాట కావాలని కొందరు, క్యూ త్వరగా కదులుతుందని. నా ఓటు ఎప్పుడూ మెల్లటి పాటకే. మెల్లటి పాట పెడితే జనం మాట్లాడే గొంతు తగ్గిస్తారు. ఇది నేను చాలాసార్లు గమనించాను.

1997లో సదాశివం గారు పోయాక ఎమ్మెస్ కచేరీలు మానేశారు. 1998లో భారతరత్న ఇచ్చారు. 2004 డిసెంబరులో కన్నుమూశారు. తిరుపతిలో ఆమె కంచు విగ్రహం ఉంది, తంబురాతో. నేదునూరి వారు 2014లో పోయారు. ఆయన విగ్రహం మాట ఎలా ఉన్నా, ఆయన కట్టిన వరుస పాడుతూ “ఇది సంప్రదాయం” అనే పిల్లలు ప్రతి పోటీలోనూ కనిపిస్తారు. ఎవరు కట్టారో తెలియనంతగా కలిసిపోయింది. వరుస కట్టినవారికి ఇది బహుమానమా, నష్టమా? నాకు రెండూ అనిపిస్తుంది. అందుకే మన తరగతి పిల్లలు పాట పాడే ముందు మూడు పేర్లు చెప్పాలని నియమం పెట్టాను: రాసినవారు, వరుస కట్టినవారు, మనం ఎవరి గొంతులో విని నేర్చుకున్నామో వారు.

మీరు మొదటిసారి వింటుంటే ‘నానాటి బతుకు’తో మొదలుపెట్టకండి, అది బరువు. ‘చేరి యశోదకు’తో మొదలుపెట్టండి. మాటలు తేలిక, చిన్న పిల్లవాడి గురించి. తర్వాత ‘శ్రీమన్నారాయణ’, అందులో చాలా మాటలు సంస్కృతం, కానీ అందరికీ తెలిసినవే. ‘భావయామి గోపాలబాలం’ పూర్తిగా సంస్కృతం, కాబట్టి అర్థం కాకపోతే మీ తెలుగు తక్కువ అనుకోకండి. మొదటిసారి ఊరికే వినండి. రెండోసారి మాటలు చేత్తో రాసుకుంటూ వినండి, ఎక్కడ ఆపి ఎక్కడ ఊపిరి తీసుకున్నారో అక్కడ ఒక గీత పెట్టండి. ఆ గీతలు దాదాపుగా మాట ముగిసే చోటే పడతాయి. పడని చోట్లు దొరికితే నాకు రాయండి, వచ్చే వారం తరగతిలో వాటినే చూద్దాం.